రేగడి మీద గచ్చు

మా సడ్డకుడు రాజేశం మా వాకిట్లో గచ్చు చెడగొట్టిండు. ఈ మాట ఊరంతకు తెలుసు. ఇచ్చోడ బస్టాండు ముందట చాయ్ హోటల్లో కూర్చునేటోళ్ళకు తెలుసు. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లు ముందట పత్తి బండ్లు వరుసకు పెట్టుకొని నిలబడ్డ రైతులకు తెలుసు. తెలిసేటట్టు చెప్పింది నేనే.

రాజేశం నా భార్య కనకవ్వ చెల్లెలు శ్యామల మొగడు. కోరుట్లలో మేస్త్రీ. ఇల్లు మా అత్త దుర్గవ్వది, నేను ఇల్లరికం వచ్చినోన్ని. వాకిలి అంత బురద అయితున్నదని మా అత్త అంటే రాజేశం ఒక ఎండకాలం వచ్చి గచ్చు పోసిండు. ఒక వానకాలం నిలబడ్డది. రెండో వానకాలం గోడ దిక్కు మూల కుంగింది. అక్కడి నుంచి బోరింగు దాక అడ్డంగా పగిలి పర్రె పడ్డది. కుంగిన కాడ నీళ్ళు నిలిచి పాకుడు పట్టేది.

బాగు చేయించుమని కనకవ్వ అడిగింది. నేను చేయించలేదు. ఉండనీ, అందరు చూడనీ అన్న. ఇంటికి వచ్చిన చుట్టాలను ఆ మూలకు తీసుకపోయి చూపెట్టిన. మాట మీద మాట పెరిగింది. రాకపోకలు బంద్ అయినయ్.

పోయిన దసరా ముందర కనకవ్వ పోయింది. కాలేయం చెడింది. మంచాన పడ్డంక ఒకసారి శ్యామలను చూడబుద్ధి అయితున్నదని అన్నది. శ్యామల రావచ్చు, వాడు నా వాకిట్ల కాలు పెట్టద్దు అని చెప్పిన. మొగన్ని బజార్లో నిలబెట్టి నేను లోపటికి ఎట్ల వస్తనని శ్యామల రాలేదు. చావుకు ఇద్దరూ వచ్చిండ్రు. పాడె లేచేదాక రాజేశం బజార్లోనే నిలబడ్డడు. నేను లోపటికి రమ్మనలేదు.

ఇప్పుడు చెప్పేది అటెంక వచ్చిన ఎండకాలం సంగతి.

పత్తికట్టె పీకుడు అయిపోయి ఇంటి వెనుక కుప్ప పెట్టిన రోజులు. ఒకనాడు పొద్దుగాల మా అత్త బోరింగు కాడికి పోతూ కుంగిన మూలకు జారి పడ్డది. బొక్క విరగలేదు. మోకాలు చెక్కుకపోయింది. ఆమెకు కండ్లు సగమే. వెలుగు తెలుస్తది, నీడ తెలుస్తది, మనిషి మొఖం తెల్వది. చెవులు మాత్రం గట్టివి. గోడ అవతల ఎవరు పోతున్నా చెప్పుల చప్పుడు విని పేరు చెప్తది.

పసుపు పెట్టి కట్టు కట్టిన. అరుగు మీద కూర్చున్నది.

"అల్లుడా, రాజేశాన్ని పిలుస్తున్న."

"ఎందుకు?"

"గచ్చు సక్కజేస్తడు."

"చెడగొట్టినోడు సక్కజేస్తడా? ఇచ్చోడల మేస్త్రీలు కరువైండ్రా?"

"ఇన్నేండ్ల సంది ఇచ్చోడ మేస్త్రీని పిలువకుండ నిన్ను నేను పట్టుకున్ననా?"

నేను పసుపు డబ్బాకు మూత పెట్టిన.

"ఇల్లు నాది. గచ్చు నాది. జారి పడేది నేను. వాడు నా అల్లుడు, నువ్వు గూడ నా అల్లునివే. ఒకడు పోసిండు, ఒకడు చూసుకుంట కూసున్నడు. పోసినోడన్న చెయ్యి కదిలిచ్చిండు."

పక్కింటి పిల్లతో ఫోన్ కలిపించుకొని నా ముందటనే మాట్లాడింది. "గచ్చు కుంగింది, రా బిడ్డా" అన్నది. అంతే. గచ్చు ఎప్పుడో కుంగింది, కొత్తగా చెప్తున్నట్టు చెప్పింది.

రాజేశం మరునాడు పొద్దు వాలేటప్పుడు బస్సు దిగి వచ్చిండు. భుజాన సంచి, సంచిలో తాపీ, మట్టం చూసే రబ్బరు పైపు. చిక్కిపోయిండు. ముందట ఆయన నవ్వితే బజారంత వినబడేది. గేటు అవతల నిలబడి నన్ను చూసిండు.

"అన్నా, రావచ్చునా?"

"నన్నెందుకు అడుగుతవ్? ఇల్లు ఆమెది."

"బిడ్డా, గేటు గడియ నువ్వే తీసుకో" అని అరుగు మీది నుంచి మా అత్త అన్నది. "తియ్యాల్సినోనికి చేతులు నొస్తున్నయ్."

రాజేశం గేటు కాడ చెప్పులు విడిచి లోపటికి వచ్చిండు. తిన్నగా కుంగిన మూలకు పోయి గొంతుకూర్చున్నడు. పర్రె వెంబడి అరచెయ్యి తీసుకుంట పోయిండు. చెంబుతో నీళ్ళు పోసి ఎటు పోతున్నయో చూసిండు. అటెంక రబ్బరు పైపు నిండ నీళ్ళు నింపి ఒక కొస నా చేతికి ఇచ్చిండు.

"గోడకు ఆనిచ్చి పట్టు అన్నా. కదిలియ్యకు."

"తెలుసు."

రెండు కొసలకు నీళ్ళు ఆగినయ్. ఆయన గోడ మీద బొగ్గుతో గీత పెట్టి కిందికి చూసిండు.

"జానెడు దిగింది."

"ఇన్నేండ్ల సంది అదే చెప్తున్న."

"చెప్పినవ్ అన్నా. కోరుట్ల దాక ఇనవడ్డది."

కోపంగా అనలేదు. నీళ్ళు పారబోసి పైపు చుట్టుకుంట అన్నడు. "ఈ మూల మీద నాకు గూడ అనుమానమే. ఆ పొద్దు కోరుట్లల స్లాబు పని ఒప్పుకున్న. ఉరుకులాట. ఇక్కడ దిమ్మిసతోని మొరం గట్టిపడేదాక కొట్టుమని కూలోళ్ళకు చెప్పి బస్సెక్కిన. వాళ్ళు కొట్టిండ్రో, కొట్టినట్టు చేసిండ్రో."

"అదీ సంగతి" అన్న.

"అప్పటి సంది గుత్త పట్టుడు బంద్ చేసిన. వేరే మేస్త్రీల కింద పోతున్న. ఇచ్చోడ దిక్కు ఎట్లాగు నన్ను పిలువరు. కోరుట్లల పిలిచినా భయమైతది. పోసిన గచ్చు కాడికి వానకాలంల దొంగోని లెక్క పోయి చూసి వస్త. నా చేతి మీద నాకే నమ్మకం తప్పింది."

నాకు సంతోషమే అయ్యింది. అబద్ధం చెప్పి ఏం లాభం.

మా అత్త ఆయనకు చాయ్ ఇచ్చింది. తాగుకుంట పని చెప్పిండు. ముందుగాల కుంగినంత మేర గచ్చు పగలగొట్టాలె. ఎండకాలం కాబట్టి కింద రేగడి నెర్రెలు విచ్చి ఉంటది. నెర్రెలు నోర్లు తెరిచి ఉండంగ పైన మొరం పోస్తే, వానలు పడ్డంక భూమి ఉబ్బి గచ్చును లేవగొడ్తది. అందుకే పగలగొట్టినంక నీళ్ళు పెట్టి నెర్రెలు మూసుకునేదాక భూమిని తాగనియ్యాలె. అటెంక మొరం, పొర పొరకు దిమ్మిస, ఆ పైన కాంక్రీటు.

"పత్తి పండించేటోనికి రేగడి సంగతి చెప్తున్నవా?" అన్న.

"నీకు కాదు అన్నా. నాకు నేనే చెప్పుకుంటున్న." గ్లాసు కింద పెట్టిండు. "నీళ్ళు పెట్టకముందు ఒకసారి కింద చూడాలె. ఎక్కడ తప్పినో కండ్లతోని చూస్తే మనసు నిమ్మలమైతది. ఇన్నేండ్ల సంది అదే ఉన్నది మనసుల."

తెల్లారి అంబదాస్ ట్రాక్టరు తెచ్చిండు. ఆయనది మహారాష్ట్ర దిక్కు, మా ఊరి అల్లుడు. గేటు ముందట ఇంజను బంద్ చెయ్యకుండనే కేకేసిండు.

"చలా భావు, చలా. ఎండ ముదిరితె నా టైరు పేలుతది. కొత్త టైరు మీ అత్త కొనిస్తదా?"

"నీ టైరుకు సున్నం పెట్ట" అని అరుగు మీది నుంచి మా అత్త అన్నది. "ముందుగాల మొరం మంచిది పొయ్యి. పోయినసారి రాళ్ళు తెస్తివి."

"రాళ్ళు కాదు అవ్వా, మేవా. బాదం, పిస్త."

రాజేశం ట్రాక్టరు ఎక్కిండు. మొరం గుట్టకు పోయి, అటునుంచి అటే ఇచ్చోడలో సిమెంటు తీసుకొని వస్తమని చెప్పిండు. "అన్నా, పగలగొట్టుడు షురూ చెయ్యి. నేను వచ్చినంకనే నీళ్ళు" అన్నడు.

సమ్మెట, గడ్డపార తీసుకొని మొదలు పెట్టిన. కుంగిన కాడ గచ్చు కింద ఆనిక లేదు. దెబ్బ పడితే డప్పు మోగినట్టు మోగింది. పెంకులు పెంకులుగా లేచింది. పెంకులు తీసి పక్కకు వేసిన. కింద మూరెడు లోతు బోలు ఉన్నది.

పక్క అంచులు చూసిన. ఎర్రటి మొరం. గడ్డపారతో పొడిస్తే బండను కొట్టినట్టు ఖంగుమన్నది. పొర మీద పొర కనబడ్డది. దిమ్మిస కొట్టిన మొరం ఎట్లుంటదో నాకు తెలుసు. కూలోళ్ళు కొట్టిండ్రు. మంచిగ కొట్టిండ్రు.

నడుమ మాత్రం మొరం లేదు. నల్లటి బురద ఉన్నది. గడ్డపార వదిలిపెడితే దాని బరువుకు అదే సగం దాక దిగింది. ఆ రోజుల్లో నా చేనులో నెర్రెలు ఎట్లున్నయంటే దూడ కాలు ఇరుక్కుంటే గుంజి తియ్యాల్సి వచ్చింది. ఈ గుంటలో నెర్రె లేదు. బురద లోపటి నుంచి ఒక ఎర్ర, అదే వానపాము, పాకుకుంట వచ్చింది. నడి ఎండకాలంలో ఎర్ర.

రేగడి మీద బతికినోనికి ఎవరూ చెప్పే పని లేదు. కింద నీళ్ళు పారుతున్నయ్. ఇయ్యాల నిన్న కాదు, ఏండ్ల సంది పారుతున్నయ్.

అది నల్లా వచ్చే రోజు. నేను గుంటను చూస్తుండంగనే గోడ దిక్కు నుంచి బుస్సుమని చప్పుడు వచ్చింది. బురద కదిలింది. కింది నుంచి నీళ్ళు ఊరినయ్. అంచు కింద చెయ్యి పెట్టిన. భుజం దాక పోయింది. పైపు తగిలింది. పైపు వెంబడి జరిపిన. అతుకు తగిలింది. అతుకు సందుల నుంచి నీళ్ళు నా వేళ్ళకు కొట్టినయ్.

ఆ అతుకు నేను వేసిందే.

గచ్చు పోసిన మరుసటి ఏడాది ఇంటింటికి నల్లా ఇచ్చిండ్రు. బజారు దాక వాళ్ళు పైపు వేసిండ్రు, అక్కడి నుంచి ఇంటి వెనుక నీళ్ళ హౌజు దాక ఎవరిది వాళ్ళే వేసుకోవాలె. పైపులు వేసేటాయన వచ్చే వారం వస్తనన్నడు. నువ్వు రాకపోతే నీళ్ళు రావా అని నేనే మొదలు పెట్టిన. గచ్చు అంచు వెంబడి, గోడ పక్కన మన్ను తవ్వి పైపు పరిచిన. నడుమ ఒక అతుకు వచ్చింది. అతికే గమ్ము డబ్బాలో ఎండిపోయి ఉన్నది. గుద్ది దూర్చిన. గట్టిగనే పట్టింది. ఆ పొద్దు చుక్క కారలేదు. మన్ను కప్పిన. కనకవ్వ ఆ మన్నులో కూరలకని కల్యమాకు చెట్టు పెట్టింది. అది ఏ ఎండకాలమూ వాడలేదు. ఆమె నీళ్ళు పోస్తున్నదనుకున్న. ఆమె పోయినంక గూడ వాడలేదు. అప్పుడు గూడ నాకు తోచలేదు.

బజారుకు పోయి నల్లా బంద్ చేసిన. వచ్చి గుంట ఒడ్డుకు కూర్చున్న. అరుగు మీద మా అత్త చాటలో కందిపప్పు పెట్టుకొని వేళ్ళతో తడుముకుంట రాళ్ళు ఏరుతున్నది.

ట్రాక్టరు చప్పుడు ఇంకా లేదు.

లేచిన. గోడ పక్కన మన్ను తోడి అతుకుకు రెండు దిక్కుల పైపును కోసి బయటికి గుంజిన. ఇంటి వెనుకకు తీసుకపోయి పత్తికట్టె కుప్ప కిందికి తోసిన. మన్ను మళ్ళ కప్పి కాలుతో తొక్కిన. అటెంక బోరింగు కొట్టి బొక్కెనతో నీళ్ళు తెచ్చి గుంటలో పోసిన. నడుమ పోసిన, అంచులకు పోసిన. మళ్ళ తెచ్చి పోసిన. ఎర్ర మొరం మీదికి నల్ల బురద ఎక్కింది. పక్కలకున్న సన్న నెర్రెలు బుడబుడమని తాగి నోర్లు మూసుకున్నయ్. ఏది ముందటి తడి, ఏది ఇప్పటి తడి చెప్పరాకుండ అయ్యింది.

ట్రాక్టరు వచ్చింది. రాజేశం దూకి ఉరికొచ్చిండు. గుంటను చూసి ఆగిపోయిండు.

"అయ్యో. నీళ్ళు పోసినవా అన్నా?"

"నెర్రెలు తడపాలె అన్నవు గదా."

"నేను వచ్చినంక అంటి గదా. జర చూద్దామనుకున్న."

"ఏం చూస్తవ్? రేగడి రేగడి లెక్కనే ఉన్నది."

గుంటలోకి దిగిండు. బురద గుప్పెడు తీసి వేళ్ళ నడుమ నలిపిండు. చెయ్యి లోపటికి పెట్టి వెతికిండు.

"నడుమ మొరమే లేదు. అంత మన్నుల కలిసిపోయింది." అంచుకు చెయ్యి ఆనిచ్చిండు. "గీ పక్కకు గట్టిగనే ఉన్నట్టున్నది."

"ఆ పక్కకు కుంగలేదు గదా."

"అంటే నడుమ కొట్టనే లేదన్నట్టు." తలకాయ పైకెత్తి నన్ను చూసిండు. "అంతేనంటవా?"

"అంతే" అన్న.

ఆయన బురదలో నిలబడి చేతులు కడుక్కున్నడు. కడిగిన చెయ్యే మళ్ళ కడిగిండు. నల్లా పైపు గురించి ఆయన అడుగకముందే నేనే చెప్పిన. మన్నులో పైపు ఉండె, పనికి అడ్డం వస్తదని తీసేసిన, ఇకనుంచి గోడ మీది నుంచి వేస్త అన్న.

"మంచి పని చేసినవ్" అన్నడు. "గచ్చు పక్కన పైపు ఎప్పటికైనా ముప్పే."

భూమి తాగి నిమ్మలమయ్యేదాక పని లేదు. రాజేశం ఒక పగటిపూట స్నానం చేస్తుంటే మా అత్త నన్ను పిలిచింది.

"అల్లుడా, ఇయ్యాల నల్లా వచ్చే పొద్దు గదా?"

"అవును. బంద్ పెట్టిన. పైపు తీసిన."

"తీస్తివి. గందుకే చప్పుడు లేదు."

నేను పోబోయిన.

"నల్లా వచ్చినప్పుడల్లా ఆ మూలకు పాము బుసకొట్టినట్టు వినొచ్చేది. నాకు తెలుసు. కనకవ్వకు గూడ చెప్పిన. అది గచ్చుకు చెవి ఆనిచ్చి విన్నది."

ఇంటి వెనుక రాజేశం నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినబడుతున్నది.

"నాకెందుకు చెప్పలే?" అన్న.

"చెప్పొద్దన్నది. మా ఆయన చేతి పని అని తెలిస్తే ఆయన తినడు, పండడు, నేను సూడలేను అన్నది. నాతోని ఒట్టేయించుకున్నది."

"చెల్లెలు రాకపోయినా?"

"చెల్లెలు రాకపోయినా." పైట కొంగు సరిచేసుకున్నది. "అది చెప్పలే. నేను చెప్ప, ఒట్టున్నది. నీకు ఒట్టు లేదు. వాడు స్నానం చేసి వస్తడు. ఒక్క మాట చెప్పు."

రాజేశం తువ్వాల తలకు చుట్టుకొని వచ్చిండు. "అత్తమ్మా, బోరింగు నీళ్ళు గంత సల్లగున్నయేంది" అన్నడు. నేను లేచి చేనుకు పోయిన. చేనులో పని ఏమీ లేదు.

కాంక్రీటు పోసే రోజు శ్యామల వచ్చింది. గిన్నెలల్ల సద్ది కట్టుకొని గేటు కాడ దిగింది. అక్క పోయినంక ఈ వాకిట్లకు రావుడు అదే.

"కాలు పెట్టచ్చునా బావా? లేకుంటే గచ్చు ఎండేదాక ఆగాలెనా?"

"రా" అన్న.

"ఆహా. నీ నోట్లకెల్లి రా అనే మాట గూడ వస్తదన్నట్టు."

మొరం ముందటి రోజే పోసినం. రాజేశం దిమ్మిస పట్టుకుంటే ఆయన చేతిలో నుంచి నేను గుంజుకున్న. పొర పోసుడు, తడుపుడు, కొట్టుడు. పొర పోసుడు, తడుపుడు, కొట్టుడు. నా చేతులు బొబ్బలెక్కి పగిలినయ్. దిమ్మిస కట్టె తడిసింది.

"చాలు అన్నా. రాయి లెక్కయ్యింది."

"ఇంక కొడ్త."

"గింత కొడితె పాతాళంల ఉన్నోళ్ళకు నిద్ర పట్టది."

నేను ఆగలేదు. ఆయన పక్కకు కూర్చొని చూసిండు. నేను ఆయన మంచి కోసం కొడుతున్ననని అనుకున్నడు.

గచ్చును ఒక్క బిళ్ళగా పొయ్యలేదు. గోడకు వేలెడు సందు విడిచి, నడుమ నడుమ కట్టె బద్దలు పెట్టి, ముక్కలు ముక్కలుగా పోసినం. భూమి ఉబ్బితే ముక్క ముక్క కదులుతది, పగలదు. నీళ్ళు పోయే వాటం బజారు దిక్కు పెట్టిండు. బద్దతో ఈడ్చిండు, తాపీతో మెత్తిండు. పని చేసేటప్పుడు ఆయన మొఖంలో పాత మనిషి కనబడ్డడు. మెత్తిన కాడ తాపీని పక్కకు వంచి వెలుతురు చూసిండు, తృప్తి కాక మళ్ళ మెత్తిండు.

పగటికి అందరం అరుగు మీద తినడానికి కూర్చున్నం. శ్యామల వడ్డించింది. సర్వపిండి, పప్పుచారు, వంకాయ కూర. నా విస్తరి ముందర వంగి అడిగింది.

"బావా, ఒక్కటి చెప్పు. మంచాన ఉన్నప్పుడు అక్క నన్ను యాది చేసిందా?"

"చేసింది."

"ఏమన్నది?"

"చూడబుద్ధి అయితున్నది అన్నది."

శ్యామల గంటె పట్టుకొని అట్లనే నిలబడ్డది. రాజేశం అన్నం కలుపుకుంట కలుపుకుంట ఉన్నడు, ముద్ద పెట్టుకోలేదు.

"తప్పు నాదే శ్యామలా" అన్నడు. "ఆ పొద్దు నేను బస్సెక్కకుండ ఉంటే అయిపోవు. గీ మూలకు దగ్గరుండి కొట్టిస్తే గచ్చు కుంగకపోవు, పంచాది రాకపోవు. అక్కాచెల్లెండ్లను నేనే ఎడబాపిన. వదినె మొఖం బజార్ల నిలబడి చూసిన. అన్ననేమనకు. అన్న తప్పేం లేదు."

మా అత్త తినుడు ఆపింది. మొఖం నా దిక్కు తిప్పింది. ఆమెకు నా మొఖం కనబడదు. అయినా తిప్పి, అట్లనే ఉన్నది.

చెప్పాలంటే అప్పుడు చెప్పాలె. నోట్ల ముద్ద ఉన్నది. మింగిన.

"కూర ఎయ్యి శ్యామలా" అన్న.

ఆమె వేసింది.

గచ్చు మీద తడిపిన గోనెసంచులు కప్పి వాళ్ళు కోరుట్లకు పోయిండ్రు. పొద్దూ మాపూ నీళ్ళు చల్లుడు నా పని. ఒక్క పూట తప్పలేదు. పిల్లి నడువకుండ కాపలా కాసిన. మా అత్త నాతో అవసరం ఉన్న మాటలే మాట్లాడింది. అన్నం అయ్యిందా. మందు గోళీ యాడ పెట్టినవ్. అంతే.

మిరుగం కార్తె చినుకులు పడ్డయ్, అటెంక పెద్ద వానలు పడ్డయ్. వాకిట్లో చుక్క నిలువలేదు. వాన తగ్గినంక నేను వంగి పర్రె కోసం వెతికిన. ఎక్కడన్న సన్న గీత కనబడితే బాగుండు అనుకున్న. కనబడలేదు.

రాజేశం ఫోన్ చేసిండు.

"అన్నా, మీ దిక్కు వానలు దంచి కొట్టినయట. ఎట్లున్నది?"

"నిలబడ్డది."

"పర్రె?"

"లేదు."

"నీళ్ళు?"

"బజార్లకు పోతున్నయ్."

మురిసిపోతడనుకున్న.

"అంటే సరిగ చేస్తే నిలబడుతదన్నట్టు" అన్నడు. "అప్పుడు చెయ్యలేదన్నట్టే గదా అన్నా. మొన్నటిదాక ఒక మూలకు చిన్న ఆశ ఉండె, వేరే ఏదన్న కారణం ఉన్నదేమోనని. ఇగ లేదు."

"వాన పడ్తున్నది, ఇనవడ్తలేదు" అని ఫోన్ పెట్టేసిన. అప్పుడు వాన లేదు.

చాయ్ హోటల్లో హనుమండ్లు అడిగిండు. నా పక్క చేను ఆయనది. "మీ సడ్డకుడు వచ్చి గచ్చు మళ్ళ పోసిండట గదా?"

"పోసిండు."

"ఇప్పుడన్న మంచిగ పోసిండా?"

"మంచిగనే పోసిండు."

"దెబ్బకు దారికొచ్చిండన్నట్టు. నువ్వు గన్ని తిట్లు తిట్టినందుకు పని నేర్చుకున్నడు" అని అందరూ నవ్విండ్రు. చాయ్ తాగి లేచిన. నవ్వొద్దని అనలేదు.

ఎడ్ల పండుగ పొలాల అమాస వెళ్ళినంక మా అత్త బట్టలు మూట కట్టుకున్నది. శ్యామల, రాజేశం ఆటో మాట్లాడుకొని వచ్చిండ్రు. వాళ్ళు లోపట మూటలు సర్దుతుంటే మా అత్త అరుగు మీదికి వచ్చి నా పక్కన నిలబడ్డది.

"వానికి చెప్పినవా?"

"లేదు."

"చెప్తవా?"

గేటు దిక్కు చూసిన.

"నేను చెప్తనని భయపడకు. ఒట్టు ఒట్టే. కని వాడు తలకాయ దించుకుంట తిరుగుతుంటే, నీ పక్కన కూసుండి తిని పంటే నీ తప్పుల నేను గూడ పాలుదాన్నే అయిత. నాతోని కాదు. ఇల్లు నువ్వే ఉంచుకో. గచ్చు గూడ నువ్వే ఉంచుకో."

రాజేశం వచ్చి ఆమె చెయ్యి పట్టుకోబోయిండు. విడిపించుకున్నది. కట్టె గూడ వద్దన్నది. వాకిట్లో దిగి తిన్నగా, ఎక్కడా తడుముకోకుండ, గేటు దాక నడిచింది. అక్కడ ఆగి వెనుకకు తిరిగింది.

"మట్టంగ పోసినవ్ బిడ్డా. కాలికి ఎక్కడ తగల్తలేదు. నీ చేతి పనిల ఎన్నడు తప్పు లేదు."

రాజేశం ఆ మాటకు నవ్వి, నవ్వు నడుమల ఆపి నా దిక్కు చూసిండు. నేను గూడ ఏదన్న అంటననుకున్నడు. ఒక్క మాట. ఆమె ఆయన కోసం అక్కడిదాక తెచ్చి నా ముందట పెట్టిన మాట.

"ఆటో ఆయన తొందరవడుతుండు" అన్న.

వాళ్ళు పోయిండ్రు. నేను గేటు గడియ పెట్టుకున్న.

ఎందుకు చెప్పలేదని అడిగితే నా దగ్గర జవాబు ఉన్నది. ఆ జవాబు నేను చెప్ప. ఇంక ఈ ముచ్చట నా నోట రాదు. రాజేశం మంచాన పడి అడిగినా రాదు. నేను మంచాన పడ్డా రాదు.